ఏడవడానికి ఒక పూట, కాగితాలకి ఒక పూట

నేను ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు మీదున్న పర్లాకిమిడిలో పోస్టాఫీసు ఆర్‌డీ ఏజెంటుని. ఆర్‌డీ అంటే నెలనెలా కొంత కట్టే పొదుపు ఖాతా. నెల తిరిగేసరికి అవే వీధులు, అవే గుమ్మాలు. వంద రూపాయలు కట్టిస్తే నాకు నాలుగు రూపాయలు కమీషను. ఆ నాలుగు రూపాయల కోసం గుమ్మంలో నిలబడే కాసేపట్లోనే ఇంటి సంగతంతా తెలిసిపోతుంది. కిందటి నెల దాకా నవ్వుతూ నోట్లు లెక్కపెట్టి ఇచ్చిన మనిషి ఈ నెల తలుపు సగమే తీసి "ఇంక కట్టలేనేమో అప్పా" అందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే. మనిషి పోయి ఉండొచ్చు. ఉద్యోగం పోయి ఉండొచ్చు. కూతురు కాపురం వదిలి పెట్టె పట్టుకుని వచ్చేసి ఉండొచ్చు.

అలాంటి ఇళ్ళని ఏళ్ళ తరబడి చూశాను. కొన్ని ఏడాది తిరిగేసరికి తేరుకుంటాయి, కొన్ని ఎక్కడివక్కడే ఉండిపోతాయి. గుండె గట్టివాళ్ళు తేరుకుంటారని అందరూ అంటారు గానీ నాకలా కనబడలేదు. తేరుకున్న ఇళ్ళల్లో బోరున ఏడ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళు చేసిందల్లా ఏడుపుకీ పనికీ వేరే వేరే వేళలు పెట్టుకోవడం, పెద్ద నిర్ణయాల జోలికి అప్పుడే పోకపోవడం. మా ఆయన పోయినప్పుడు నేనూ వాళ్ళని చూసే నడుచుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మనిషి పోయిన ఇంటి గురించే ఎక్కువ రాశాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

గడువున్న పనులు ముందు

తెల్లకాగితం తీసి మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు గడువున్న పనులు, కుడివైపు గడువు లేనివి. మనసు బాగోనప్పుడు కరెంటు బిల్లూ, ఇల్లు అమ్మాలా వద్దా అన్నదీ ఒకేసారి మీద పడతాయి. గీత గీసేసరికి సగం పనులు ఈవేళ చెయ్యక్కర్లేనివని తేలిపోతుంది.

మనిషి పోయిన ఇంట్లో ఎడమవైపు మొదటిది మరణ నమోదు. 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటిందా, మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్ళాలి. సరిహద్దులో ఉన్నవాళ్ళం ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. మనిషి ఎక్కడివాడైనా, ప్రాణం పోయిన చోటే నమోదు. ఇల్లు పర్లాకిమిడిలో ఉండి, ఆస్పత్రి శ్రీకాకుళంలోనో విశాఖలోనో అయితే ఆ కాగితం ఆంధ్రా నుంచే వస్తుంది. దాన్ని పట్టుకుని వారసత్వ ధ్రువపత్రం కోసం ఇక్కడి తహసీల్దారు ఆఫీసుకి వెళ్తే పని పేరు దగ్గర ఆగిపోతుంది. ఆస్పత్రి వాళ్ళు ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి ముందు పెట్టి ఉంటారు. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం చివర ఉంటుంది. ఒడియాలో ఉన్న రేషను కార్డులో మరోలా ఉంటుంది. మూడు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించుకోవాలి. అంతదూరం రాకుండా ఆస్పత్రిలో ఫారం నింపేటప్పుడే ఆధార్ చూపించి, అందులో ఉన్నట్టే రాయించండి. ఈ పనికి ఏడుస్తున్న మనిషిని పంపకూడదు. మేనల్లుడినో అల్లుడినో పంపాలి.

రెండోది బ్యాంకు పాస్‌బుక్కు. ఎంట్రీలు వేయించి, మే చివరా జూన్ మొదట్లోనూ వేలు పెట్టి ఒక్కో లైనూ చదవండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. మనిషి జబ్బుతో పోయినా సరే నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కట్ అయితే అది సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఖాతా తెరిచిన రోజున ఎక్కడో సంతకం పెట్టి ఉంటారు, ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు. మా వీధిలో ఒకావిడ భర్త పాస్‌బుక్కుని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది. నేను ఆర్‌డీ పని మీద వెళ్ళి, బతిమాలి విప్పించాను. కుంకుమ మరకల మధ్యన, మే నెల చివరి లైను, 436. "ఇది బ్యాంకోళ్ళు తినేసిన డబ్బనుకున్నానే" అంది ఆవిడ.

కంపెనీలో ఉద్యోగం చేస్తూ పోయినవారికి పీఎఫ్ ఉంటే, దానితోపాటే ఈడీఎల్ఐ అనే బీమా 7 లక్షల దాకా ఉంటుంది. భార్యకి పింఛను వేరే. విశాఖలోనో సూరత్‌లోనో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో దీని సంగతి అడగడమే మరిచిపోతారు. పేదింట్లో సంపాదించే మనిషి 60 ఏళ్ళు నిండకుండా పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలిస్తారు. భర్త పోయినవారికి ఒడిశాలో మధుబాబు పింఛను ఉంది. ఈ రెండిటికీ పల్లెవాళ్ళు బ్లాకు ఆఫీసులో, టౌనువాళ్ళు మున్సిపాలిటీలో అడగాలి.

ఇక నా సొంత సరుకు. ఆర్‌డీ నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. ఆ తర్వాత రెండు నెలల్లోపు బకాయి కడితే మళ్ళీ నడుస్తుంది. పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది నిండి ఉంటే, ఉన్నదాంట్లో సగం దాకా అప్పు తీసుకోవచ్చు. కాబట్టి కష్టం రాగానే ఖాతా మూయించెయ్యకండి. కమీషను కోసం చెప్తోందని మా తోడికోడలు అంటూ ఉంటుంది. అననివ్వండి.

ఇంకొక్కటి, ఇది ఏ ఆఫీసులోనూ చెప్పరు. పోయిన మనిషి ఫోను నంబరుకి రీఛార్జి ఆపకండి. బ్యాంకు ఓటీపీ, గ్యాసు బుకింగు, పీఎఫ్ మెసేజీ అన్నీ ఆ నంబరుకే వస్తాయి. కాపురం వదిలి వచ్చిన అమ్మాయిది దీనికి తిరగబడ్డ కథ. తన పేరు మీదే ఖాతా ఉన్నా దానికి ముడిపెట్టిన నంబరు భర్తదైతే, ఆమె డబ్బు కబురన్నీ అతని చేతిలోకే పోతాయి. అలా వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే బ్యాంకుకి వెళ్ళి నంబరు మార్పించుకోవాలి. చదువు సర్టిఫికెట్లు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్ అసలు కాగితాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. మిగతా పంచాయితీ తర్వాత.

కుడివైపు జాబితాకి తాళం

ఇల్లు అమ్మడం, స్థలం పంచడం, బంగారం కుదువపెట్టి కొత్త వ్యాపారం, కొడుకు దగ్గరకి మకాం మార్చెయ్యడం, మళ్ళీ పెళ్ళి. ఇవన్నీ కుడివైపువి. ఏడాది దాకా ముట్టుకోవద్దు. అప్పులవాళ్ళు మీద కూర్చుంటేనో, ఆ ఇంట్లో ఉంటే దెబ్బలు తినాల్సి వస్తేనో తప్ప.

కానీ ముట్టుకోమని అనకుండా జనం ఊరుకోరు. పన్నెండో రోజు భోజనాల ఆకులు ఎత్తకముందే స్థలం మాట వస్తుంది. అప్పుడు వాదించకండి. మన ఆచారమే మీకు మాట అందిస్తుంది: "ఏటిసూతకం దాటాక మాట్లాడదాం బావా." దీనికి ఎంత గట్టి చుట్టమైనా ఎదురు చెప్పలేడు. పెళ్ళిళ్ళకి వెళ్ళకపోవడం, పండగలు చేసుకోకపోవడం మాట ఎలా ఉన్నా, ఏటిసూతకానికి ఉన్న అసలు ఉపయోగం ఇదేనని నాకనిపిస్తుంది. ఉద్యోగం పోయినవాళ్ళకీ కాపురం విడిపోయినవాళ్ళకీ ఇలాంటి అడ్డు లేదు. వాళ్ళే ఒకటి కల్పించుకోవాలి. "రథయాత్ర వెళ్ళాక చెప్తాను" అనండి. తేదీ చెప్పిన మనిషిని ఎవరూ తొందరపెట్టరు, "చూద్దాం" అన్నవాణ్ణి రోజూ అడుగుతారు.

మా తాత 1936 ఏప్రిల్ 1న, ఊరు ఒరిస్సాలో కలవడంతో, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి వచ్చిపడ్డాడు. మహేంద్రతనయకి అవతల పాతపట్నంలో ఉన్న చెల్లెలు అక్కడే ఉండిపోయింది. ఆయన పొలం అమ్మలేదు, ఊరు మారలేదు. పిల్లల్ని ఒడియా బడిలో వేసి, ఇంట్లో తెలుగు చదివించాడు. గాభరా పడి అటు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో బాగుపడినవాళ్ళూ ఉన్నారు. ఆయన మాత్రం "ముందు పంట ఇంటికి రానీ" అన్నాడట.

రెండు పూటలు

పొద్దున్న పూట కాగితాలకి. అదీ రోజుకి ఒక్క కాగితమే. తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళిన రోజు బ్యాంకుకి వెళ్ళకండి. పని అయినా అవకపోయినా మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లో ఉండండి. వెళ్ళిన చోట ఎవరితో మాట్లాడారో, ఏం తెమ్మన్నారో, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. దుఃఖంలో జ్ఞాపకం నిలవదు, విన్న మాట గుమ్మం దాటగానే పోతుంది.

సాయంత్రం పూట ఏడుపుకి. దీన్ని సిగ్గుపడకుండా పెట్టుకోవాలి. మా ఆయన పలాస నుంచి జీడిపప్పు బస్తాలు తోలే చిన్న వ్యాను నడిపేవాడు. ఆయన చొక్కా జేబులో డీజిలు చీటీలు, వాటి వెనక పెన్సిలుతో బస్తాల లెక్క. ఏడు అంకెకి ఎప్పుడూ అడ్డగీత పెట్టేవాడు. దీపం పెట్టాక ఆ చీటీలు ముందేసుకుని కూర్చునేదాన్ని. రాత్రి వంట వేళకి మళ్ళీ డబ్బాలో పెట్టేసేదాన్ని. పగలు ఆర్‌డీ తిరుగుళ్ళలో ఏడుపు ముంచుకొస్తే "సాయంత్రం, సాయంత్రం" అనుకునేదాన్ని. ప్రతిసారీ ఆగేదని చెప్పను. చాలాసార్లు ఆగింది.

బరంపురంలో నర్సింగు చదివిన మా మేనకోడలు దీనికి ఒక లెక్కుందని చెప్పింది. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు 1999లో రాశారట. అయినవాళ్ళని పోగొట్టుకున్నవారు కాసేపు పోయిన మనిషి వైపు, కాసేపు ముందున్న బతుకు వైపు తిరుగుతూ ఉంటారు, ఆ అటూ ఇటూ తిరగడంలోనే కోలుకోవడం ఉందని. ఎప్పుడూ ఏడుస్తూ ఉన్నా చిక్కే, ఎప్పుడూ పనిలో మునిగి తలెత్తకపోయినా చిక్కే. మన మాసికం చేసే పని కూడా ఇదేనేమో. నెలకొక రోజు ఆ మనిషిదే, మిగతా రోజులు మనవి.

దుఃఖానికి అయిదు మెట్లుంటాయని వాట్సాప్‌లో తిరిగే లెక్కని మాత్రం పట్టించుకోకండి. కోపం వచ్చిందా, తర్వాతి మెట్టు ఎక్కామా అని చూసుకుంటూ కూర్చునేవాళ్ళున్నారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరమ్మ 1969లో అది రాసింది చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. బతికి ఉన్నవాళ్ళు ఏ నెలలో ఎలా ఉండాలో చెప్పడానికి కాదు.

ఆచారాల్లో పనికొచ్చేవి ఉంచుకోండి, మిగతావి వదిలెయ్యండి. నలుగురిలో గాజులు పగలగొట్టడం, పేరంటానికి పిలవకపోవడం, పొద్దున్నే ఎదురు రావద్దనడం, వీటివల్ల తేరుకున్న ఆడదాన్ని ఒక్కరినీ చూడలేదు. నేను పొద్దున్నే ఎదురు రాకపోతే ఈ వీధిలో ఎవరి ఆర్‌డీలూ నిలవవు.

ఒళ్ళు

ఆకలి లేకపోయినా వేళకి ఏదో ఒకటి లోపలికి పోవాలి. నమలడానికి ఓపిక లేనప్పుడు చోడి అంబలి, తరవాణి, పఖాళ, ఏదైనా సరే. రాత్రి నిద్ర పట్టకపోయినా పొద్దున్న లేచే వేళ మార్చకండి, మధ్యాహ్నం పొడుగ్గా పడుకోకండి. నిద్రమాత్ర పక్కింటివాళ్ళది అరువు తెచ్చుకోవద్దు. మగవాళ్ళకి ఇంకో మాట: ఆ ఏడాదిలో మొదలైన సాయంత్రపు సీసా ఆ ఏడాదితో పోదు.

సాయం అడిగే విధానం

"ఏం కావాలన్నా చెప్పు" అని అందరూ అంటారు. నిజంగానే అంటారు. కానీ ఏం కావాలో చెప్పే ఓపిక ఆ ఇంట్లో ఎవరికుంటుంది? కాబట్టి ముందే పనులు విడదీసి పెట్టుకోండి. అడిగినవాళ్ళకి అడిగినట్టే ఒక చిన్న పని, వేళతో సహా చేతిలో పెట్టండి. "వదినా, మంగళవారం పొద్దున్న చిన్నాణ్ణి బడిలో దింపుతావా?" "బావా, ఎల్లుండి తహసీల్దారు ఆఫీసుకి నాతో రా, ఒడియాలో దరఖాస్తు నువ్వు రాయాలి." ఒడియా బాగా రాసే పొరుగువాళ్ళు ఉన్నారంటే అదృష్టం. మా పక్కింటి ఒడియా మాస్టారు ఎన్ని దరఖాస్తులు రాసిచ్చారో లెక్కలేదు, టీ కూడా తాగేవారు కాదు.

ఒక్కరి మీదే అంతా వెయ్యకండి. డబ్బు మాట ఒకరితో, పిల్లల మాట ఒకరితో, ఊరికే కూర్చుని వినడానికి ఇంకొకరు. సలహాలిచ్చే మనిషీ వినే మనిషీ సాధారణంగా ఒకరు కారు.

పిల్లలకి నిజం చెప్పండి. "నాన్న ఊరెళ్ళాడు" అంటే వీధి గుమ్మం దగ్గర కూర్చుంటారు. చిన్న మాటల్లో, ఒకేలా, అడిగిన ప్రతిసారీ చెప్పండి. బడి మాన్పించకండి.

ఉద్యోగం పోయిన మగవాళ్ళ సంగతి

ఇది వేరే జబ్బు. మనిషి పోతే వీధి వీధంతా వస్తుంది, ఉద్యోగం పోతే ఎవరూ రారు, పైగా దాచాలి. విశాఖలో కంపెనీ మూతపడి తిరిగొచ్చిన ఒక కుర్రాడు మా వీధిలో పగలంతా తలుపేసుకుని ఉండి, చీకటి పడ్డాక బయటికొచ్చేవాడు. ఇంటికి వచ్చిన ప్రతివాడూ "ఎప్పుడొచ్చావు, ఎన్ని రోజులుంటావు" అని అడుగుతాడన్న భయం. వాళ్ళమ్మ నాతో చెప్పుకుంటే నేనన్నాను, ముందు ఆ ప్రశ్నకి ఒక్క వాక్యం జవాబు తయారుచేసుకోమను పిన్నీ అని. "కంపెనీ మూసేశారు, దసరా దాకా ఇక్కడే ఉండి చూసుకుంటాను." అంతే. అబద్ధం లేదు, కథ లేదు, తేదీ ఉంది. రెండు మూడుసార్లు అనేసరికి నోరు అలవాటు పడుతుంది, వినేవాడికి తవ్వడానికి ఏమీ ఉండదు.

తర్వాత, పొద్దున్నే స్నానం చేసి, ఉద్యోగానికి వెళ్ళే వేళకే బయటపడాలి. ఎక్కడికైనా సరే, గ్రంథాలయానికో, మేనమామ కొట్టుకో.

పని వెతుక్కోవడంలో మాత్రం మా పెదనాన్న కొడుకుని చూడమంటాను. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో అతని కొబ్బరితోట తెల్లారేసరికి నేలమట్టం. కొత్త మొక్క పెడితే కాపుకి అయిదారేళ్ళు. ఆ వారంలో ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత పడిన చెట్లు తీయించి, కొబ్బరి మొక్కలు పెట్టి, వాటి మధ్య ఖాళీలో వంగ, మునగ వేశాడు. వంకాయలు అమ్మి ఇల్లు గడిపాడు, కొబ్బరికి నీళ్ళు పోశాడు. ఉద్యోగం పోయినవాడికి కూడా రెండూ కావాలి. ఈ నెల బియ్యం తెచ్చే చిన్న పని ఒకటి, రెండేళ్ళకి కాపుకొచ్చే చదువో పనితనమో ఒకటి. వంకాయ అమ్మడం నామోషీ అనుకున్నవాడు కొబ్బరి దాకా బతకలేడు. వంకాయ దగ్గరే ఆగిపోయినవాడికి కొబ్బరి ఉండదు.

రాసుకునేవాళ్ళకి

ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఉంటే రాసుకోండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసులో ఉన్న పెద్ద దెబ్బ గురించి రాయించారు. రాసిన పూట మనసు ఇంకా బరువెక్కిందట గానీ, తర్వాతి నెలల్లో వాళ్ళు డాక్టరు దగ్గరకి వెళ్ళడం తగ్గిందట. అక్షరదోషాలు చూసుకోవద్దు, ఎవరికీ చూపించవద్దు, కావాలంటే చింపెయ్యండి. దెబ్బ మరీ పచ్చిగా ఉన్న మొదటి వారాల్లో మాత్రం వద్దు.

డాక్టరు ఎప్పుడు

ఏడుపు జబ్బు కాదు. కానీ రెండు వారాలపాటు రోజులో ఎక్కువసేపు ఏ పనీ పట్టక, తిండీ నిద్రా పోయి, "నావల్లే ఇదంతా" అన్న మాటే తిరుగుతుంటే చూపించుకోవాలి. నెలలు గడిచినా దుఃఖం రవ్వంత కూడా సడలకపోయినా అంతే. "నేనూ పోతే బాగుణ్ణు" అన్న ఆలోచన వచ్చిందంటే వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, ఆ మనిషిని ఒంటరిగా ఉంచకండి. మనసు బాగోలేనివాళ్ళకి ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం టెలి మానస్, దాని నంబరు 14416. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. ఇక్కడ జిల్లా ఆస్పత్రి ఉంది, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చాసుపత్రి అంటారని భయపడే వాళ్ళుంటే "నిద్ర పట్టడం లేదు, దానికి చూపించుకుంటున్నాను" అని వెళ్ళండి. అదీ నిజమే కదా.

మీరు అలాంటి ఇంటికి వెళ్ళేవారైతే

పదమూడో రోజు తర్వాత వెళ్ళండి. అంతదాకా ఇల్లు నిండుగా ఉంటుంది, తర్వాతే ఖాళీ అవుతుంది. మళ్ళీ మూడో నెలలో ఒకసారి, ఏడాది దగ్గరపడ్డాక ఒకసారి. "ఎలా జరిగింది" అని అడగకండి, ఆ కథ వాళ్ళు వందసార్లు చెప్పి ఉంటారు. పోయిన మనిషి పేరు ఎత్తడానికి మాత్రం భయపడకండి. ఉత్త చేతులతో వెళ్ళలేమనుకుంటే పళ్ళు వద్దు, కుళ్ళిపోతాయి. వండిన కూర పట్టుకెళ్ళండి, గిన్నె తిరిగి ఇవ్వక్కర్లేదని చెప్పండి. వచ్చేటప్పుడు మరణ ధ్రువపత్రం అడిగి పట్టుకెళ్ళి, ఒక పాతిక జిరాక్సులు తీయించి ఇచ్చెయ్యండి. అన్ని ఎందుకంటారు, నెల తిరక్కుండా అయిపోతాయి.